నా మీద కాదు, వాళ్ల మీదే పనిచేస్తుందట!

"మీడియా జనాన్ని చెడగొడుతోంది" అని వాపోయేవాళ్లని ఎవరినైనా ఆపి, "మరి మిమ్మల్ని?" అని అడగండి. "అబ్బే, నేనవన్నీ నమ్మనండీ" అంటారు. చెడిపోయేది ఎప్పుడూ పక్కవాళ్లే. పిల్లలు, చదువుకోనివాళ్లు, అవతలి పార్టీవాళ్లు. చెప్పే మనిషి మాత్రం కడిగిన ముత్యం. ఈ ధీమా చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ జబ్బుకి పేరు కూడా ఉంది. 1983లో ఫిలిప్స్ డేవిసన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త దీన్ని 'థర్డ్ పర్సన్ ఎఫెక్ట్' అన్నాడు. ఆయన చెప్పిన ఉదంతం ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇవో జిమా దీవిలో తెల్ల అధికారుల కింద నల్లజాతి సైనికుల దళం ఒకటి ఉండేది. ఇది తెల్లవాళ్ల యుద్ధం, వాళ్లకోసం మీరెందుకు చావాలి అంటూ జపాన్‌వాళ్లు కరపత్రాలు జారవిడిచారు. మర్నాడే ఆ దళాన్ని వెనక్కి పిలిచేశారు. ఆ కాగితాలు చదివి సైనికుల మనసు మారిందా అంటే, ఆధారమేమీ లేదు. "వీళ్లు నమ్మేస్తారేమో" అని హడలిపోయింది పైవాళ్లు. అంటే కరపత్రం పనిచేసింది, అది తమకోసం రాసింది కాదనుకున్నవాళ్ల మీద!

ప్రభావం అనగానే మనకి యాంకర్ అరవడం, మనం తలూపడం, వెళ్లి ఓటు మార్చేయడం గుర్తొస్తుంది. అంత తేలిగ్గా ఎవరూ మారరు. 1940 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో లాజర్స్‌ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం ఓటర్లని నెలల తరబడి కలిసి అడిగితే, ప్రచారం వల్ల అటునుంచి ఇటు దూకినవాళ్లు కొద్దిమందే తేలారు. జనం తమకి తెలిసినవాళ్ల మాటే ఎక్కువ విన్నారు. "చూశారా, మీడియాకి అంత సీన్ లేదు" అంటారు ఇది చూపించి. మరి ఆ తెలిసినవాళ్లకి కబుర్లు ఎక్కణ్నుంచి వచ్చాయనుకున్నారు? పేపర్లనుంచీ రేడియోనుంచే.

1968లో అమెరికాలోని చాపెల్ హిల్ అనే ఊళ్లో మెక్‌కోంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు, ఎవరికి ఓటెయ్యాలో ఇంకా తేల్చుకోని 100 మందిని పెద్ద సమస్యలేంటని అడిగారు. వాళ్లు చెప్పిన వరుసా, వార్తల్లో ఆ సమస్యలకి దక్కిన చోటు వరుసా దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. ఏ పక్షమన్నది మీ ఇష్టం. దేని గురించి కొట్టుకోవాలో మాత్రం మీడియావాళ్లు ముందే తేల్చేశారు. "నేను నమ్మను" అనే పెద్దమనిషి కూడా రాత్రి పదింటిదాకా వాదించేది ఆ ఛానల్ ఇచ్చిన టాపిక్ మీదే కదా.

ఇక పదేపదే చెప్పడం. 1977లో హాషర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం కొందరిని రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు కూర్చోబెట్టి, ప్రతిసారీ 60 వాక్యాలిచ్చి ఏది ఎంత నిజమనిపిస్తోందో చెప్పమంది. వాటిలో 20 మాత్రం మూడుసార్లూ అవే. వాటిమీద నమ్మకం పెరిగింది, నిజమైనవైనా అబద్ధమైనవైనా సరే. ఎవరూ వాదించలేదు, రుజువు చూపలేదు. మళ్లీ వినపడింది, అంతే. చదువుకున్నవాళ్లం మాకేం కాదనేవారికి ఇంకోటి: 2015లో లిసా ఫాజియో బృందం చేసిన ప్రయోగంలో, సరైన జవాబు ముందే తెలిసినవాళ్లు కూడా దీన్నుంచి తప్పించుకోలేదు.

టీవీలో కింద పరిగెత్తే ఎర్ర పట్టీ ఎప్పుడైనా నిదానంగా చదివారా? "ఆ సొమ్ము ఆయనే కాజేశాడా?" చివర ప్రశ్నార్థకం ఉంటుంది చూడండి, దాని తెలివే తెలివి. కేసు వేస్తే "మేం అడిగాం, అనలేదుగా" అనొచ్చు. మధ్యాహ్నానికి ఆ పట్టీ ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కుండదు. సాయంత్రం చూసినవాళ్లు ఇంకొకరికి చెప్పేటప్పుడు ప్రశ్నార్థకం రాలిపోతుంది. "ఆయనేనట" అంటారు.

ఇంతా అయ్యాక పెద్దలు చెప్పే సలహా ఏంటంటే, "ప్రేక్షకులే జాగ్రత్తగా ఉండాలి". భారమంతా మన నెత్తినే! వియన్నా మెట్రోలో 1980ల్లో ఆత్మహత్యలు పెరిగినప్పుడు అక్కడి పత్రికలు వాటిని నాటకీయంగా, వివరంగా రాసేవి. 1987లో ఆత్మహత్యల నివారణ సంఘం ఇలా రాయొద్దని మార్గదర్శకాలిస్తే పత్రికలు విన్నాయి. వార్తలు లోపలి పేజీల్లోకి కుదించుకుపోయాయి, కొన్ని అసలు రాలేదు. ఆ ఏడాది మొదటి సగంతో పోలిస్తే రెండో సగంలో మెట్రోలో ఆత్మహత్యలూ ప్రయత్నాలూ 80 శాతానికి పైగా తగ్గాయి. పాఠకులకి ఎవరూ క్లాసు పీకలేదు. రాసేవాళ్లు పద్ధతి మార్చుకున్నారంతే.

కాబట్టి నాకు 'మీడియా అక్షరాస్యత' శిబిరాలు వద్దు. తప్పుడు వార్త మొదటి పేజీలో వేసినవాళ్లు సవరణ కూడా మొదటి పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో వెయ్యాలి. పొద్దున్నుంచీ పట్టీలో తిప్పినవాళ్లు, "ఆయన కాదు" అని కూడా పొద్దున్నుంచీ తిప్పాలి. ప్రశ్నార్థకం లేకుండా.