సవరణ: చేపల కోటాలను నిర్ణయించేది పార్లమెంటు కాదు

యూరోపియన్ యూనియన్ ఉమ్మడి వ్యవసాయ, మత్స్య విధానాలపై ఇంతకుముందు రాసిన వ్యాసంలో, ఏ సభ్యదేశం ఏటా ఎంత చేపను వేటాడవచ్చో యూరోపియన్ పార్లమెంటు ఆమోదంతో, అన్ని దేశాల ఏకాభిప్రాయంతో నిర్ణయిస్తారని పేర్కొన్నాను. ఆ రెండు మాటలూ తప్పు. నమ్మి చదివిన పాఠకులను క్షమించమని కోరుతున్నాను.

2009 డిసెంబరులో, యూనియన్ సంస్థల అధికారాలను మార్చిన లిస్బన్ ఒప్పందం అమల్లోకి వచ్చాక మత్స్య విధానానికి సంబంధించిన మూల చట్టాలను పార్లమెంటు, సభ్యదేశాల మంత్రులతో కూడిన మంత్రుల మండలి కలిసి చేస్తున్న మాట నిజమే. అయితే ఏటా వేటాడదగిన పరిమాణాన్ని ఖరారు చేసి దేశాలకు పంచే అధికారం, యూనియన్ కార్యనిర్వాహక సంస్థ అయిన కమిషన్ ప్రతిపాదన మీద, మండలి ఒక్కదానికే ఉంది. అక్కడ కావలసింది ప్రత్యేక మెజారిటీ: 27 దేశాల్లో కనీసం 15 ఒప్పుకోవాలి, వాటి జనాభా యూనియన్ జనాభాలో 65 శాతానికి తగ్గకూడదు. సముద్రతీరమే లేని ఆస్ట్రియా, హంగరీ మంత్రులకూ ఇందులో ఓటుంది.

ఇది చిన్న పొరపాటు కాదని నా అభిప్రాయం. డిసెంబరులో బ్రస్సెల్స్‌లో జరిగే మంత్రుల సమావేశం తరచు తెల్లవారుజాము దాకా సాగుతుంది. శాస్త్రవేత్తల సలహా ఆధారంగా కమిషన్ ప్రతిపాదించిన టన్నుల అంకెను, తమ రేవుల్లో పడవలు ఖాళీగా నిలిచిపోతాయన్న ఆందోళనతో మంత్రులు పెంచమని అడిగేది అక్కడే. దేశాల మధ్య వాటాల నిష్పత్తి 1983లో కుదిరిన సూత్రం ప్రకారం దాదాపు స్థిరంగా ఉంటుంది కాబట్టి, బేరం ప్రధానంగా మొత్తం పరిమాణం చుట్టూనే తిరుగుతుంది. పాత వ్యాసంలో ఆ పేరాను ఈ మేరకు మార్చాను.