కూతవేటు దూరంలో పప్పుచారు

కిలోకి 30 రూపాయలు తక్కువ. 5 కిలోలకి 150 మిగులు. ఇంత లెక్క వేసిన బుర్రకి, గోనెసంచీలో విడిగా అమ్మే ఆ కందిపప్పు వయసెంతో అడగాలని తోచదు. అడిగినా ఏం లాభంలెండి. "కొత్త సరుకేనండీ, నిన్ననే దిగింది" అంటారు. దిగింది నిన్ననే. ఎక్కింది ఎప్పుడో చెప్పరు.

గ్లాసు పప్పు, మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, నురగ పొంగకుండా అర చెంచా నూనె. ఇంతవరకూ బాగానే ఉంది. గ్యాస్ కూడా ఆదా చేద్దామన్న దురాశతో టమాటాలూ చింతపండు పులుసూ అందులోనే పోసి కుక్కర్ మూత బిగించడంతోనే వచ్చింది చిక్కు. 4 కూతలయ్యాక తీసి చూస్తే పసుపుపచ్చటి పులుసులో పప్పు ఈత కొడుతోంది. వేళ్ల మధ్య నొక్కితే జారి స్టవ్ వెనక్కి పోయింది.

మళ్లీ మూత. 5, 6, 7. ఈ కూతల లెక్క పెట్టినవారెవరోగానీ, దారి అడిగితే "ఇక్కడే, కూతవేటు దూరం" అనే పెద్దమనిషి బంధువై ఉండాలి. పెద్ద మంట మీద నిమిషం, రెండు నిమిషాలకో కూత. సిమ్‌లో పెడితే ఐదారు నిమిషాలకొకటి. వెయిట్ కాస్త వదులైతే ఊరికే కూస్తూనే ఉంటుంది. చూసుకోవాల్సింది కూత వచ్చాక సిమ్‌లో ఎన్ని నిమిషాలుంచామన్నది. 8వ కూతకి పక్కింటి పిన్నిగారు గోడ అవతలనుంచి "చుట్టాలొచ్చారా?" అన్నారు. 9వ దానికి కింద ఫ్లాట్లో కుక్క అందుకుంది. 10కి పిన్నిగారే గుమ్మంలోకి వచ్చి, "సోడా వెయ్యకపోయావా" అన్నారు.

వేశాం. వంటసోడా పులుపులో పడితే ఏమవుతుందో ఆరో తరగతి పిల్లాడు చెబుతాడు. బుస్సుమని పొంగి స్టవ్ మీదికి దిగింది. పులుపు పోయింది, సబ్బు రుచి వచ్చింది, పప్పు మాత్రం పప్పులాగే ఉంది.

పాత పప్పు ఉక్కలో నెలల తరబడి మగ్గితే, కణాల్ని అతికించే పెక్టిన్ కాల్షియంతో బిగుసుకుపోతుంది. బోరు నీళ్లలోని కాల్షియం ఇంకాస్త బిగిస్తుంది. పైన పులుపు పడిందా, ఇక కరగదు. అలాంటి పప్పుని ఫిల్టర్ నీళ్లలో రెండు గంటలు నానబెట్టి, పులుపేమీ లేకుండా, గ్లాసుకి చిటికెడంటే చిటికెడే సోడా వేసి మెత్తగా ఉడికించాలి. పులుసు ఆ తర్వాతే. ఇదంతా 11వ కూత అయ్యాక గుర్తొచ్చింది.

డబ్బాలో ఇంకా 4 కిలోల 800 గ్రాములున్నాయి. దోరగా వేయించి కందిపొడి కొట్టుకోవచ్చు, పొడికి వయసుతో పేచీ లేదు. కానీ అంత కందిపొడి పెళ్లివారికైనా ఎక్కువే. వెనక్కి తీసుకెళితే కొట్టాయన గింజ నోట్లో వేసుకుని నమిలి, "పప్పు శుభ్రంగా ఉందండీ. కుక్కర్ రబ్బరు పోయుంటుంది" అన్నాడు.

రబ్బరు కూడా ఆయన దగ్గరే ఉంది. 120 రూపాయలు.