ఆపరేషన్ అంగీకార పత్రం గారికి, జిరాక్స్ షాపు నుంచి

మహారాజశ్రీ ఆపరేషన్ అంగీకార పత్రం గారి సముఖమునకు,

ఆస్పత్రుల వీధి మలుపులో జిరాక్స్ షాపు పెట్టుకుని బతుకుతున్నవాడు నమస్కరించి రాసుకుంటున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగను. ఆపరేషన్ ఎలా జరిగినా ఒంటి మీద గాటు పడకుండా బయటికొచ్చేది మీరొక్కరే.

నన్ను మీరు మర్చిపోయి ఉంటారు. పద్దెనిమిదేళ్లకు పైగా మీ కాన్పులన్నీ నా మెషీన్ మీదే. మీ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలిసినంతగా మిమ్మల్ని ఫైల్లో పెట్టుకునేవాళ్లకు కూడా తెలియవు. మొదట్లో ఒక నర్సింగ్‌హోమ్ మేనేజరు ఏదో పెద్ద ఊరి ఆస్పత్రి కాగితం తెచ్చాడు. పైనున్న పేరుకి వైట్‌నర్ పూసి, దాని మీద తన రబ్బరు స్టాంపు గుద్ది, 'వంద తియ్యి' అన్నాడు. అది చూసి పక్కవాళ్లు, వాళ్లని చూసి ఎదురువాళ్లు. కాపీకి కాపీ తీసి తీసి మీ మూడో పేరాలో ఒక లైను నల్లమచ్చ అయిపోయింది. ఆ లైనులో ఏముందో నాకు తెలియదు. ఆస్పత్రి వాళ్లనడిగితే వాళ్లకీ తెలియదు. సంతకాలు మాత్రం ఒక్కరోజు ఆగలేదు.

ఇంకో సంగతి. మీ వెనకవైపు ఎప్పుడూ ఖాళీయే. రెండువైపులా వేస్తే ఖర్చని అందరూ ఒకవైపే వేయమంటారు. ఆ ఖాళీ గురించి తర్వాత చెప్తాను.

ముందు మీ ముఖం సంగతి. 'నాకు అర్థమయ్యే భాషలో అన్నీ వివరించారు' అని మీ మీద ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం ఇంగ్లీషులో ఉంటుంది. దాని కింద వేలిముద్రకి ఒక గడి కూడా ఉంటుంది. ఈ రెంటినీ ఒకే పేజీలో కంపోజ్ చేసినవాడెవడో గానీ, వాడికి దండం పెట్టాలి.

మనిద్దరికీ మొదటి పరిచయం మా ఆవిడ కాన్పప్పుడు. రాత్రి రెండు గంటలకు లేబర్ రూమ్ తలుపు సందులోంచి చెయ్యొకటి వచ్చింది, ఆ చేతిలో మీరు. 'ఉమ్మనీరు తగ్గిపోయింది, తొందరగా పెట్టండి, లేటైతే మా బాధ్యత కాదు.' టిక్కు కొట్టిన చోటల్లా గీకేశాను. సిజేరియన్ అవసరమే అయ్యుండొచ్చు. కాదని ఈరోజుకీ అనను. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ప్రైవేటు ఆస్పత్రుల వరకే చూస్తే 81.5 శాతం అని చదివాక ఒక అనుమానం పట్టుకుంది. దేశం మొత్తం లెక్క 21.5 శాతమట. అంతమంది తల్లులకీ రాత్రి రెండింటికే ఉమ్మనీరు తగ్గిందా? మా ఆవిడ ఈ లెక్క విని, 'ముహూర్తాలవి కూడా కలుపుకున్నారా?' అనడిగింది. అదీ నిజమే. తిథి, నక్షత్రం చూసి తేదీ పట్టుకెళ్లేది మనమే.

రెండోసారి మా అమ్మ. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. కడుపుబ్బరం అంటే స్కానింగ్ రాశారు. పిత్తాశయంలో రాయి కనబడింది, ఎనిమిది మిల్లీమీటర్లు. ఆవిడకి నొప్పి లేదు, జ్వరం లేదు, కామెర్లు లేవు. ముందు రోజు కూడా మినపట్లు తిని అరిగించుకుంది. అయినా రాయి అన్న మాట ఇంట్లోకి వచ్చాక మరి ఊరుకోరు కదా. 'కెమెరా ఆపరేషనే, మూడు చిన్న రంధ్రాలు, మూడోరోజు ఇంటికి' అని మా పెద్దమ్మ తానే సర్జనైనట్టు చెప్పింది.

అడ్మిషన్ టేబుల్ దగ్గర మిమ్మల్ని నా చేతిలో పెట్టారు. కళ్లజోడు పెట్టుకుని పేషెంటు పక్కనే కూర్చుని ఉంటే కాగితం కొడుక్కివ్వడం మన ఆచారం. అమ్మ చెయ్యి చాచి లాక్కుంది. జేబులోంచి నా పెన్ను కూడా లాక్కుంది. ముందు రెండు స్పెల్లింగులు దిద్దింది. తర్వాత 'ఇతర చికిత్సా మార్గాలు నాకు వివరించబడినవి' అన్న అర్థం వచ్చే వాక్యం చుట్టూ సున్నా చుట్టి, పక్కన మార్జిన్లో తెలుగులో 'ఎప్పుడు?' అని రాసింది.

టేబుల్ దగ్గరున్న కుర్రాడి ముఖం చూడాలి. 'అయ్యో అమ్మా, అలా రాయకూడదు, అది పాడైపోయినట్టే' అని కొత్త కాపీ కోసం పరుగెత్తాడు. ఎక్కడికనుకున్నారు? నా షాపుకే.

వాడు వచ్చేలోగా అమ్మ లేచి నేరుగా సర్జన్ గారి గదిలోకి వెళ్లింది. 'బాబూ, ఇది తీయకపోతే ఏమవుతుంది?' అంది. ఆయన తలెత్తి, 'నొప్పి వచ్చిందా ఎప్పుడైనా?' అనడిగారు. లేదంది. 'అయితే ఆగొచ్చమ్మా. నొప్పి లేని రాళ్లు చాలామందికి జీవితాంతం ఏమీ చేయవు. నొప్పి మొదలైనా, కామెర్లు వచ్చినా, క్లోమం వాచినా ఆలస్యం చేయకుండా రండి' అన్నారు. ఇంకోమాట కూడా చెప్పారు. తీసేటప్పుడు పక్కనున్న పైత్యనాళానికి దెబ్బ తగిలే ప్రమాదం వెయ్యి మందిలో ముగ్గురు నుంచి అయిదుగురికి ఉంటుందట. చాలా తక్కువే. కానీ తగిలినవాళ్ల అవస్థ మాత్రం తక్కువ కాదట.

చూశారా? ఆయనకి అంతా తెలుసు. అడిగితే రెండు నిమిషాల్లో చెప్పారు. మధ్యలో మీరు ఉండబట్టి ఆయన చెప్పినట్టు, మేము విన్నట్టు లెక్క కుదిరిపోయింది. ఆరేళ్లయింది. రాయీ బాగానే ఉంది, అమ్మా బాగానే ఉంది.

మా మేనత్తకి ఆ అదృష్టం లేదు. ఆవిడకి 36 ఏళ్లప్పుడు నడుంనొప్పి, తెల్లబట్ట. 'పిల్లలు పుట్టేశారుగా, ఇంకా అదెందుకు, ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుంది' అన్నారు. గర్భసంచి అంటే మన దగ్గర అటక మీద పాత సామాను లాంటిది కదా, వాడకం లేకపోతే తీసేయడమే. సంతకం పెట్టింది మామయ్య. అత్త పెట్టలేదు, అడగలేదు, అసలు మిమ్మల్ని చూడనే లేదు. పదమూడేళ్ల తర్వాత వాకిట్లో ముగ్గేస్తూ జారి చెయ్యి ఆనిస్తే మణికట్టు విరిగింది. ఇంత చిన్న దెబ్బకి విరగడమేంటని ఎముకల డాక్టరు పాత కాగితాలు తెప్పించుకుని చదివాడు. గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేశారని అత్తకి ఆరోజు తెలిసింది. అవి తీసేస్తే ముట్లు ఆగిపోయే దశ అదే రోజు మొదలవుతుందని, ఎముకలు ముందే గుల్లబారతాయని కూడా ఆరోజే తెలిసింది. ఆవిడ మామయ్య వైపు చూసింది. ఆయన, 'నాకేం తెలుసు, పెట్టమంటే పెట్టాను' అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు.

మా అత్త ఒక్కర్తే కాదు. 2015-16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మొదటి రెండు స్థానాలూ మనవే. తెలుగువాళ్ల ఐక్యత కనబడే చోట్లలో ఇదొకటి.

తమరికి సుప్రీంకోర్టులో ఒకసారి అక్షింతలు పడ్డ సంగతి నాకు తెలియదనుకోకండి. 1995లో ఢిల్లీలో ఒకావిడ కడుపులో ఏముందో కెమెరాతో చూడ్డానికి ఒప్పుకుని మత్తు తీసుకుంది. మత్తులో ఉండగానే డాక్టరు బయటికొచ్చి, వరండాలో ఉన్న వాళ్లమ్మ చేత ఇంకో సంతకం పెట్టించుకుని, గర్భసంచి, అండాశయాలు తీసేశారు. చూడ్డానికిచ్చిన ఒప్పుకోలు తీసేయడానికి పనికిరాదని, ప్రాణం మీదికి రానప్పుడు, స్పృహలోకి వచ్చాక ఆమెనే అడిగే వీలున్నప్పుడు తల్లి సంతకం చెల్లదని 2008 జనవరిలో కోర్టు తేల్చింది. చికిత్స ఏమిటి, ఎందుకు, వేరే దారులేమున్నాయి, ప్రమాదాలేమిటి, వద్దంటే ఏమవుతుంది, ఇవన్నీ చెప్పాకే అది ఒప్పుకోలట. నష్టపరిహారం 25 వేల రూపాయలు. పదమూడేళ్లకి. తీర్పు వచ్చిన మర్నాడు మా వీధిలో ఎవరైనా మిమ్మల్ని మార్పించుకుంటారేమోనని ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. మచ్చతో సహా అదే కాపీ.

డాక్టర్ల మీద నాకు కోపమని మీరు ప్రచారం చేస్తారేమో. కాదు. ఏదైనా తేడా వస్తే ట్రాక్టరేసుకొచ్చి అద్దాలు పగలగొట్టే జనం మనం. ఆ భయంతో ఎవరికైనా కాగితం కవచమే అవుతుంది. నా ఫిర్యాదు మీ మీదే. మీ వంశంలో మంచివాళ్లు లేరా అంటే ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టు మీకు మేనబావ వరస. 19 అంశాలు, ఒక్క పేజీ. పేషెంటు పేరేమిటి, ఏ వైపు కోస్తున్నాం, దూది ఉండలు లెక్క సరిపోయిందా అని థియేటర్లో పైకి చదవాలి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఆస్పత్రుల్లో వాడిచూస్తే ఆపరేషన్ తర్వాత మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయని 2009లో అమెరికా సర్జన్ అతుల్ గవాండే బృందం రాసింది. ఆయనా కాగితమే, మీరూ కాగితమే. ఆయన్ని నోరారా చదువుతారు. మిమ్మల్ని సంతకం గడి వరకు మడతపెట్టి ఇస్తారు.

ఇప్పుడు వెనకవైపు సంగతి.

మా చిన్నాన్న కొడుక్కి ఆడపిల్ల పుట్టింది. పుట్టినప్పుడు పచ్చగా ఉంది. పసిపిల్లలకి కామెర్లు మామూలే, పొద్దుటెండ చూపించండి అన్నారు. చూపించారు. నెల దాటినా కళ్లు పచ్చగానే ఉన్నాయి. తల్లిపాలకి అలా ఉంటుందిలే అన్నారు ఇంకోచోట. మధ్యలో ఒకాయన పసరు కూడా వేశాడు. పిల్ల బాగానే పాలు తాగుతోంది, నవ్వుతోంది, దొడ్డికి మాత్రం తెల్లగా, సున్నం కలిపినట్టు వెళ్తోంది. ఆ బట్ట చూసి, 'ఇదేంటి ఇలా ఉంది' అన్నది డాక్టరు కాదు, బట్టలుతికే మా పిన్ని.

హైదరాబాద్ చేరేసరికి పిల్లకి 71 రోజులు. పైత్యనాళాలు మూసుకుపోయే జబ్బట, బిలియరీ అట్రీషియా అంటారు. వేలమందిలో ఒకరికి వస్తుంది. మోరియో కసాయ్ అనే జపాన్ సర్జన్ 1950లలో దీనికి ఆపరేషన్ కనిపెట్టాడు. పాడైన నాళాలు తీసేసి పేగుని పైకి లాగి లివర్‌కి కుడతారు. 60 రోజుల్లోపు చేస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నొప్పి లేని రాయికి మీరు అడక్కుండానే చేతిలోకి వస్తారు. ఈ పిల్లకి మీరు అత్యవసరంగా కావాలి, మూడు చోట్ల వెతికినా దొరకలేదు.

ఆ పిల్లల సర్జన్ మిమ్మల్ని తీసుకుని, సంతకం అడక్కుండా, బోర్లా తిప్పాడు. ఖాళీ వైపు నీలం పెన్నుతో లివర్ గీశాడు, అరటికాయ ముక్కలా వచ్చింది. కింద పేగు గీసి మెలికతిప్పి పైకి తెచ్చాడు. 'ఇది పనిచేయొచ్చు, చేయకపోవచ్చు. చేసినా పెద్దయ్యేలోగా లివర్ మార్చాల్సి రావొచ్చు. చేయకపోతే రెండేళ్లు బతకడం కష్టం. పాపకి ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పడం నాకు చేతకాదు' అన్నాడు. తమ్ముడు, 'ఆలస్యం చేసింది మేమేనా సార్?' అన్నాడు. ఆయన కాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ, 'మీరు తిరుగుతూనే ఉన్నారు కదా' అన్నాడు. తర్వాత ఇటు తిప్పి సంతకం పెట్టించుకున్నాడు. వాడి చెయ్యి వణికింది గానీ, దేనికి పెడుతున్నాడో వాడికి తెలుసు.

పిల్ల దొడ్డికి మొదటిసారి పసుపుపచ్చగా వెళ్లిన రోజు మా పిన్ని ఆ బట్ట పట్టుకుని వార్డంతా తిరిగి పక్క మంచాలవాళ్లకి కూడా చూపించింది. పిల్లకిప్పుడు నాలుగేళ్లు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో టీవీ పెట్టరు. లివర్ కోసం మీరు ఇంకోసారి రావొచ్చని అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

నేను ఆ బొమ్మకి ఒక జిరాక్స్ తీసుకుని షాపులో అద్దం కింద పెట్టాను. మొన్న మా వీధి మేనేజరు వస్తే చూపించి, 'సార్, వెనకవైపు ఇలా బొమ్మకీ, పేషెంటు అడిగిన ప్రశ్నలకీ నాలుగు గీతలు కొట్టి వేద్దామా, తెలుగులో నేనే కంపోజ్ చేస్తాను' అన్నాను. 'కాపీకి ఎంత ఎక్కువవుతుంది?' అన్నాడు. అర్ధరూపాయి అన్నాను. మా డాక్టరు గారినడిగి చెప్తానన్నాడు.

ఈరోజు పొద్దున ఆర్డరు పంపాడు. రెండొందల కాపీలు, ఒకవైపే. మూడో పేరాలో మచ్చ కిందికి పాకి ఇంకో లైను అందుకుంది.

ఇట్లు,
మీ విధేయుడు,
జిరాక్స్ షాపు వాడు