సూర్యుడు రెచ్చిపోతే కాస్మిక్ కిరణాలు తగ్గుతాయి, మరి పిడుగులు?

‘ఈ రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఫోన్లు ఆఫ్ చేసి దూరంగా పెట్టండి, కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వెళ్తున్నాయి, నాసా చెప్పింది’ అనే వాట్సాప్ మెసేజ్ ఏళ్లుగా తిరుగుతూనే ఉంది. కాస్మిక్ కిరణాలు పడని రాత్రంటూ లేదు. అవి పై గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే మ్యువాన్లనే సూక్ష్మ కణాలు నేల మీద చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒకటి చొప్పున పడుతుంటాయి. ఏడు సెంటీమీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల పొడవున్న ఫోన్‌ని బల్ల మీద పడుకోబెడితే నిమిషానికి వంద, ఆ మూడు గంటల్లో పద్దెనిమిది వేలు దాన్ని దాటిపోతాయి. ఆఫ్ చేసినా అంతే.

సౌర తుపాను వార్త వస్తే చాలు, కాస్మిక్ కిరణాలు పెరిగిపోతాయన్న భయమూ వెంటే వస్తుంది. సాధారణంగా జరిగేది దానికి తలకిందులు. ఈ కిరణాల్లో అత్యధికం సూర్యుడివి కావు. పేలిపోయిన నక్షత్రాల వంటి చోట్ల వేగం పుంజుకుని సౌర కుటుంబం బయటి నుంచి వచ్చే ప్రోటాన్లూ, హీలియం కేంద్రకాలూ. సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే కణాల ప్రవాహమైన సౌరగాలి తన వెంట చిక్కులుపడ్డ అయస్కాంత క్షేత్రాన్ని మోసుకెళ్తుంది. సూర్యుడి మీద మచ్చలు పెరిగే కొద్దీ ఆ చిక్కులు బిగుస్తాయి, బయటి నుంచి వచ్చేవి వాటిలో పడి దారి తప్పుతాయి. అందుకే పదకొండేళ్ల సౌరచక్రంలో మచ్చలు ఎక్కువైన ఏడాది కాస్మిక్ కిరణాలు తగ్గుతాయి. ధ్రువాలకు దగ్గరగా ఉన్న న్యూట్రాన్ మానిటర్లలో (కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే న్యూట్రాన్లను లెక్కించే యంత్రాల్లో) ఈ ఊగిసలాట 15 నుంచి 20 శాతం వరకు కనిపిస్తుంది. సూర్యుడు ప్లాస్మా (చార్జి ఉన్న వేడి వాయువు) ముద్దను విసిరినప్పుడు గంటల వ్యవధిలోనే తగ్గి, తర్వాత రోజుల తరబడి నెమ్మదిగా కోలుకుంటాయి. 1937లో దీన్ని గుర్తించిన స్కాట్ ఫోర్బుష్ పేరే దానికి పెట్టారు. 2024 మే 10న సౌర తుపానుకు లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబడ్డప్పుడు జరిగిందీ ఇదే. ధ్రువ ప్రాంత మానిటర్లలో పది శాతానికి మించి పడిపోయాయి. మర్నాడు సూర్యుడే నేరుగా విసిరిన కణాల వల్ల కాసేపు పెరిగాయి కూడా. ఆ మినహాయింపే వార్తల్లో నియమంగా మారిపోతుంటుంది.

అసలు చిక్కు ఆ లెక్కల్ని మన ప్రాంతానికి అతికించడంలో ఉంది. భూమి అయస్కాంత క్షేత్రం ప్రతి చోటా ఒక గడప కడుతుంది, అంతకన్నా బలహీనమైన కణం లోపలికి రాలేదు. ఫిన్లండ్‌లోని ఔలులో ఆ గడప 0.8 గిగావోల్టులు (గిగావోల్టు అంటే వంద కోట్ల వోల్టులు). ఊటీలో సుమారు 17. భూమ్మీదే అతి ఎత్తైన గడపల్లో దక్షిణాసియాది ఒకటి. సూర్యుడి ప్రభావం ఎక్కువగా పడేది బలహీన కణాల మీద. వాటిని మన గడప ముందే ఆపేస్తుంది కాబట్టి ఔలులో అంత ఎత్తున ఊగే గీత ఇక్కడ కొద్ది శాతానికే పరిమితం. యూరప్ గ్రాఫ్ ఒకటి తెచ్చి, దాని పక్కన తెలంగాణ వానల లెక్క పెట్టి, రెండూ కలిశాయి చూడండి అనే పోస్టులు పట్టించుకోనిది సరిగ్గా ఈ తేడానే.

అలాగని ఇక్కడ ఏమీ కనిపించదని కాదు. ఊటీలోని గ్రేప్స్-3 ప్రయోగశాలలో ఆరు మీటర్ల పొడవున్న 3,712 ఇనుప గొట్టాలు 560 చదరపు మీటర్ల మేర పరుచుకుని రోజుకు దాదాపు 400 కోట్ల మ్యువాన్లను లెక్కిస్తాయి. ఒక శాతంలో చిన్న భాగం మారినా అక్కడ పట్టుబడుతుంది. 2015 జూన్ 22న సౌర ప్లాస్మా భూమిని తాకినప్పుడు అయస్కాంత కవచం కాసేపు బలహీనపడి, రెండు గంటల పాటు మ్యువాన్లు పెరగడాన్ని పట్టుకున్నది ఇదే.

అంత పెద్ద యంత్రం లేనివాళ్లు లెక్కలో పొరపాటు పడేది ముఖ్యంగా గాలి పీడనం దగ్గర. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే పైన గాలి బరువు తగ్గి, మ్యువాన్ల లెక్క దాదాపు 0.15 శాతం పెరుగుతుంది. న్యూట్రాన్లయితే 0.7 శాతం. మన దగ్గర పీడనం రోజూ ఉదయం పదింటికి పెరిగి సాయంత్రం నాలుగింటికి మూడు నాలుగు మిల్లీబార్లు దిగుతుంది. అంటే ఏ సౌర తుపానూ లేకున్నా రోజుకో దొంగ అల గ్రాఫ్‌లో కనిపిస్తుంది. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ కేంద్రంలో పీడనం 950 మిల్లీబార్లు, మామూలు కన్నా దాదాపు 60 తక్కువ. ఆ చోట మ్యువాన్ డిటెక్టర్ ఉండి, పీడనం సవరించకుండా చదివితే దాదాపు తొమ్మిది శాతం పెరుగుదల చూపించేది! సూర్యుడి ఊసే లేకుండా. ఎండాకాలం వేడికి గాలి ఉబ్బితే మ్యువాన్లు ఇంకాస్త ఎత్తున పుడతాయి. వాటి సగటు ఆయుష్షు సెకనులో పది లక్షలవ వంతులు 2.2 మాత్రమే కాబట్టి దారిలోనే ఎక్కువ రాలిపోతాయి. ఇది రెండో సవరణ.

ఇంజనీరింగ్ కాలేజీల్లో కణం దాటితే మెరిసే రెండు సింటిలేటర్ పలకలు ఒకదాని మీద ఒకటి పెట్టి ప్రాజెక్టులు చేస్తుంటారు. రెండింట్లోనూ ఒకేసారి మెరిస్తేనే లెక్క. నిమిషానికి 25 పడతాయనుకుందాం. ఒక శాతం మార్పును నమ్మకంగా చెప్పాలంటే కనీసం 90,000 కావాలి, అంటే అరవై గంటలు. ఆలోగా ఫోర్బుష్ తగ్గుదల చాలావరకు సర్దుకుంటుంది. పలక వెడల్పు పెంచడం తప్ప దారి లేదు.

ఇక గాలిలోని కరెంటు. ఎండ కాస్తున్న రోజున కూడా నేల మీద మీటరుకు 100 నుంచి 130 వోల్టుల క్షేత్రం ఉంటుంది. పైనున్న, కరెంటు పారే గాలి పొర అయనోస్ఫియర్‌కీ నేలకీ మధ్య తేడా సుమారు రెండున్నర లక్షల వోల్టులు. భూమి మొత్తం మీద కారే కరెంటు దాదాపు వెయ్యి ఆంపియర్లు, దాన్ని నిలబెట్టేవి ఎక్కడెక్కడో కురిసే ఉరుముల వానలు. గాలి ఆ మాత్రమైనా కరెంటును పారనిస్తోందంటే అందులోని అయాన్ల (చార్జి ఉన్న అణువుల) వల్లే. నేల దగ్గర ఘన సెంటీమీటరుకు సెకనుకు పుట్టే పది అయాన్ జతల్లో సుమారు రెండు కాస్మిక్ కిరణాలవి, మిగతావి మట్టిలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు రేడాన్ వంటి వాటివి. సముద్రం మీద, పై గాలిలో మాత్రం అంతా కాస్మిక్ కిరణాలదే.

గత శతాబ్దం మొదట్లో కార్నెగీ అనే చెక్క ఓడ సముద్రాల మీద తిరుగుతూ ఈ క్షేత్రాన్ని కొలిచింది. ఓడ ఎక్కడున్నా క్షేత్రం గ్రీన్‌విచ్ కాలం 19 గంటల ప్రాంతంలో గరిష్ఠానికి చేరింది. మన గడియారంలో అది రాత్రి పన్నెండున్నర. వాట్సాప్ మెసేజ్ రాసినవాళ్లకు తెలియకుండానే కుదిరిన ఘడియ! కారణం కాస్మిక్ కిరణాలు కాదు. అమెరికా ఖండాల్లో మధ్యాహ్నపు ఉరుములు, ఆఫ్రికాలో సాయంకాలపువి ఒకదానికొకటి తోడవుతాయి.

ఈ క్షేత్రాన్ని కొలిచే ఫీల్డ్ మిల్‌ను డాబా మీద పెడితే పిట్టగోడ దాన్ని వంచేస్తుంది. ఇన్సులేటర్ మీద సాలెగూడు కట్టినా, మంచు పట్టినా చార్జి కారిపోయి రీడింగ్ పడిపోతుంది. నగరంలో పొగ కణాలు అయాన్లను మింగేస్తాయి. గాలికి కరెంటు పారించే శక్తి తగ్గి క్షేత్రం పెరుగుతుంది. హైదరాబాద్‌లో ట్రాఫిక్ గంటల మార్పు ముందు సౌరచక్రపు మార్పు ఏ మూలకు?

పిడుగుల సంగతి ఇంకా ముడి విప్పని వ్యవహారం. సముద్రమట్టంలో పొడి గాలి చీలాలంటే మీటరుకు 30 లక్షల వోల్టులు కావాలి, మేఘాల్లో కొలిచినవి అందులో పదో వంతుకు అటూ ఇటూ. అయినా మెరుపు మెరుస్తోంది. కాస్మిక్ కిరణం విదిల్చిన వేగమైన ఎలక్ట్రాన్లే నిప్పు రాజేస్తాయని 1992లో రష్యా భౌతిక శాస్త్రవేత్త గురెవిచ్ బృందం ప్రతిపాదించింది, ఇంకా రుజువు కాలేదు. 2014లో బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం వారు వేగవంతమైన సౌరగాలి తాకాక నలభై రోజుల్లో తమ దేశంలో పిడుగులు 32 శాతం పెరిగాయన్నారు. ఆ రోజుల్లో కాస్మిక్ కిరణాలు నిజానికి కొంచెం తగ్గాయి. కిరణాలు పెరిగితే పిడుగులు పెరుగుతాయనే సులువు లెక్కకు ఇదే అడ్డం పడుతోంది.

తిరుగు దారిలో మాత్రం సంబంధం గట్టిది. 2014 డిసెంబరు 1న ఊటీ మీది ఉరుముల మేఘం మ్యువాన్లను 18 నిమిషాల పాటు రెండు శాతం మేర తగ్గించింది. దాన్నుంచి లెక్క కడితే మేఘంలోని వోల్టేజీ 130 కోట్లు, అంతకుముందు బెలూన్లతో కొలిచిన గరిష్ఠానికి పది రెట్లు. కిరణాలు మేఘాన్ని నడిపిస్తాయో లేదో గానీ, మేఘాన్ని కొలిచి పెట్టాయి.

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఆ ఏడాది సూర్యుడి మీద మచ్చలు బాగా తగ్గాయి, అంటే కాస్మిక్ కిరణాలు ఎక్కువగానే ఉన్నాయి. రెండూ ముడిపెట్టేయాలనిపిస్తుంది. కానీ ఆ ఏడాదంతా ఉన్న కిరణాలు ఆ ఒక్క రోజునే ఎందుకు ఎంచుకుంటాయి? ఆ రోజు లెక్క తేల్చేది నేల వేడి, బంగాళాఖాతపు తేమ, పైన గాలుల తాకిడి. సౌరచక్రం పాత్ర ఏదైనా ఉంటే అది తేలాల్సింది ఒకే రకం సెన్సర్లతో కొన్ని చక్రాల పాటు తీసిన లెక్కల్లో. మన పిడుగుల నెట్‌వర్కులు పదేళ్ల పైచిలుకువి, ఇంకా ఒక చక్రం దగ్గరే ఉన్నాయి.