పూలు రాకపోతే ముందు వెలుతురు చూడండి
పూల మొక్కల పెంపకంపై మీ వ్యాసంలో, మొక్క ఏపుగా ఉన్నా పూయకపోతే ఎరువు పెంచమని రాశారు. దయచేసి అది మార్చండి. ఆకులు ముదురు పచ్చగా, గుబురుగా ఉండి పూలు లేవంటే చాలాసార్లు ఎరువులోని నత్రజని (ఆకులను పెంచే పోషకం) ఎక్కువైనట్టే. ఇంకా వేస్తే ఆకులే వస్తాయి. గులాబీ, మల్లె, మందారాలకు రోజుకు 6 గంటల ఎండ తగులుతోందా అన్నది ముందు చూడాలి.

చామంతి సంగతి వేరు. దానికి పగటి ఎండతో పాటు పొడవైన చీకటి రాత్రులు కావాలి. వరండా లైటు రాత్రంతా మీద పడుతుంటే మొగ్గ తొడగడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలు తొడగదు. కుండీని పగలు ఎండ తగిలి, రాత్రి ఆ లైటు పడని చోటికి జరిపితే చాలు, మందులేవీ అక్కర్లేదు. మొగ్గలు వచ్చి రాలిపోతుంటే మాత్రం నీళ్లు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అవుతున్నాయేమో, పిండినల్లి (తెల్లటి దూదిలా అంటుకుని రసం పీల్చే పురుగు) పట్టిందేమో గమనించండి.