"ముందు మత్తు మానాలి, మనసు సంగతి తర్వాత" అనే మాట ఎంతవరకు నిజం?

అమెరికాలో నల్లజాతి మహిళల మత్తు సమస్య మీద ఎక్కడ చర్చ మొదలైనా ఈ మాట వచ్చి తీరుతుంది: "ముందు డ్రగ్స్ మానెయ్యాలి. కొన్ని నెలలు ముట్టకుండా ఉన్నాకే పాత గాయాల సంగతి. ఇప్పుడే కెలికితే మళ్ళీ మొదలుపెడతారు. అయినా వాళ్ళు గట్టి మనుషులు, చర్చి అండ ఉంది, తట్టుకుంటారు." వినడానికి పెద్దమనిషి సలహాలాగే ఉంటుంది. ఒక్కో ముక్క విడదీసి చూద్దాం.

"మానాకే ట్రామా." ట్రామా అంటే ఆ పాత గాయాలే, మనసుకు తగిలినవి. చిన్నప్పుడు ఇంట్లోనే లైంగిక హింసకు గురైన మనిషి మంచమెక్కగానే అవే దృశ్యాలు కళ్ళముందు తిరుగుతాయి. నిద్ర పట్టించేది మందో, పొడో అయినప్పుడు, అది ఆపిన మొదటి వారమే ఆ రాత్రులన్నీ తిరిగొస్తాయి. సరిగ్గా అప్పుడే "ఆరు నెలలాగి రా" అంటే, ఈత వచ్చాకే నీళ్ళలోకి దిగమన్నట్టుంటుంది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. తాగుడు ఆపగానే వణుకు, ఫిట్స్ వచ్చే దశలో డాక్టరు ముందు చూడాల్సింది శరీరాన్నే. కానీ అది రోజుల్లో తేలే పని, దానికి నెలలు పట్టవు.

"కెలికితే మళ్ళీ మొదలుపెడతారు." అందరినీ భయపెట్టేది ఈ ముక్కే. 2009లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం మత్తు, ట్రామా సమస్యలు రెండూ ఉన్న 353 మంది మహిళలను చూసింది. వాళ్ళలో మూడోవంతు దాకా నల్లజాతివారు. సగంమందికి 'సీకింగ్ సేఫ్టీ' పద్ధతిలో రెండింటికీ కలిపి కౌన్సెలింగ్, మిగతావారికి ఆరోగ్య పాఠాలు. నిజం చెప్పాలంటే కలిపి ఇచ్చిన వైద్యం అక్కడ అద్భుతమేమీ చేయలేదు, రెండు గుంపులూ దాదాపు ఒకేలా మెరుగుపడ్డాయి. కానీ ట్రామా గురించి మాట్లాడినందుకు హాని పెరిగిందన్న జాడ లేదు. అదే సమాచారాన్ని మళ్ళీ తిరగేస్తే ఇంకో సంగతి తేలింది. ట్రామా లక్షణాలు తగ్గినవాళ్ళలో తర్వాత మత్తు వాడకం తగ్గింది. మత్తు తగ్గినంత మాత్రాన ట్రామా తగ్గడం మాత్రం పెద్దగా కనిపించలేదు. అంటే ఈ సలహా చెప్పే వరసే తిరగబడింది. 2012లో ఆస్ట్రేలియాలో 103 మందితో ఇంకో ప్రయోగం చేశారు. అక్కడైతే జరిగిన ఘటననే నేరుగా మాట్లాడించారు. ఘోరమైన ఘటన తర్వాత మనసును వదలని జబ్బును పీటీఎస్‌డీ అంటారు. పీటీఎస్‌డీ తగ్గింది, మత్తు వాడకం పెరగలేదు.

అసలు "కెలకడం" అన్న మాటే తప్పుదారి పట్టిస్తుంది. సీకింగ్ సేఫ్టీలో 25 అంశాలుంటాయి, వాటిలో ఎక్కడా తన కథంతా విప్పి చెప్పాల్సిన పని లేదు. గుండె దడ మొదలైనప్పుడు పాదాలు నేలకు ఆనించి, గదిలో కనిపిస్తున్న వస్తువుల పేర్లు ఒక్కొక్కటే పైకి చెప్పడం లాంటివి నేర్పుతారు. కుర్చీ, కిటికీ, నీలం గోడ. ఇందులో పుండు రేపేది ఏముంది?

"గట్టి మనుషులు, తట్టుకుంటారు." పొగడ్తలా వినిపిస్తుంది గానీ, గట్టిమనిషి అన్న పేరు పడ్డాక నొప్పి అని ఎవరితో చెప్పుకుంటుంది? వైద్యం కోసం వెళ్తే ఏమైందో కూడా చూడండి. 1989లో సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి గర్భిణుల మూత్రంలో కొకైన్ ఉందేమో పరీక్షించి పోలీసులకు చెప్పడం మొదలుపెట్టింది. అరెస్టయిన 30 మందిలో 29 మంది నల్లజాతివారే. కాన్పు అయిన కొద్దిసేపటికే ఆసుపత్రి గౌనులోనే సంకెళ్ళు వేసి తీసుకెళ్ళినవాళ్ళూ ఉన్నారు. రోగి ఒప్పుకోకుండా పోలీసుల కోసం ఇలా పరీక్షించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2001 అయింది. ఫ్లోరిడాలోని పినెల్లస్ కౌంటీ లెక్కలు 1990లో బయటికొచ్చాయి. గర్భిణుల్లో మత్తు వాడకం నల్లవాళ్ళలోనూ తెల్లవాళ్ళలోనూ ఇంచుమించు సమానం, అధికారులకు ఫిర్యాదు మాత్రం నల్లవాళ్ళ మీద పది రెట్లు ఎక్కువ. ఇదంతా చూసినామె కౌన్సెలర్ ముందు నోరు విప్పకపోతే దాన్ని మొండితనం అంటారా? బిడ్డను లాక్కుపోతారన్న భయం అది.

చర్చితో నాకు పేచీ లేదు. చాలామందికి ఆదివారం ఆసరాగా నిలిచేది అదే. చర్చికి వెళ్తుందని థెరపీ మానుకోమనడమే అన్యాయం.

1998లో మొదలైన అమెరికా ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ అధ్యయనం 9 చోట్ల 2,700 మందికి పైగా మహిళలతో నడిచింది. మత్తు, మానసిక సమస్య, హింస, మూడింటికీ కలిపి కౌన్సెలింగ్ ఎక్కువగా అందిన చోట్ల ఫలితం మెరుగ్గా వచ్చింది. ఆ నిధులకో షరతు ఉండేది. ఈ మూడూ అనుభవించి బయటపడ్డ ఆడవాళ్ళను కార్యక్రమం రాసే బల్ల దగ్గరే కూర్చోబెట్టాలి.