రెడ్ కార్డు చూపించాక కూడా దొంగేనా?

పర్లాకిమిడి బజారులో జెరాక్స్ షాపు నడుపుకునే ఒకాయన్ని ఊళ్లో సగం మంది ‘గోలీ’ అనే పిలుస్తారు. నిజానికి ఆయన ఒక్క మ్యాచ్‌లో కూడా గోల్‌కీపర్‌గా నిలబడలేదు, డిఫెండర్‌గా ఆడేవాడు. ఇరవై ఏళ్ల కిందటి మాట. కోతలైపోయిన పొలంలో వెదురు బొంగులు పాతి, పైన కొబ్బరి తాడు కట్టి పెట్టిన ఫుట్‌బాల్ టోర్నమెంట్. మొదటి బహుమతి మేకపోతు. ఫైనల్ చివర్లో గోల్‌లోకి దూసుకుపోతున్న బంతిని ఈయన గీత మీద నిలబడి రెండు చేతులతో పట్టేసుకున్నాడు. రిఫరీ పెనాల్టీ ఇచ్చి, ఆయన్ని బయటికి పంపేశాడు. అవతలివాళ్లు పెనాల్టీ కొట్టేశారు. మేకపోతు పక్క ఊరికి వెళ్లిపోయింది. ఆ రోజు నేను గట్టు మీద కూర్చుని చూశాను.

లెక్క చూడండి. అవతలి జట్టుకి రావాల్సిన గోల్ వచ్చింది, కప్పు (అంటే మేక) వచ్చింది. తప్పు చేసినవాడు బయటికి పోయాడు, ఆయన జట్టు ఓడింది. ఎవరికీ ఎవరూ బాకీ లేరు. అయినా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పటి కుర్రాళ్లయితే ఆయన నిజంగానే గొప్ప గోల్‌కీపర్ అనుకుంటున్నారు. అడిగితే ఆయన కాదనడు.

ప్రపంచ కప్ ఊసు వచ్చినప్పుడల్లా మా టీ కొట్టు దగ్గర ఉరుగ్వే ఆటగాడు లూయిస్ సువారెజ్ మీద పంచాయితీ జరుగుతుంది. సరిహద్దు ఊరు కాబట్టి ఒకరు ఒడియాలో ‘చోరొ’ అంటారు, ఇంకొకరు తెలుగులో ‘దొంగ’ అంటారు. మిగతా ఏ విషయంలోనూ కలవని రెండు వర్గాలు ఈ ఒక్క మాట మీద మాత్రం ఠక్కున కలిసిపోతాయి. ఆ ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. సువారెజ్ తప్పు చేశాడు, నిజం. ఆ తప్పుకి ఆట పుస్తకంలో రాసి ఉన్న ధర అణా పైసలతో సహా కట్టేశాడు. అదీ నిజమే. కట్టినవాడి దగ్గర మళ్లీ జీవితమంతా వడ్డీ వసూలు చెయ్యడం ఏ న్యాయం?

కథ తెలిసిందే. 2010 జూలై 2, జొహానెస్‌బర్గ్, ఘనాతో ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్. స్కోరు 1-1, ఎక్స్‌ట్రా టైమ్ ఆఖరి క్షణాలు. గీత మీద నిలబడి ఒక షాట్‌ని సువారెజ్ కాలితో ఆపాడు. వెంటనే ఘనా ఆటగాడు డొమినిక్ అదియా కొట్టిన హెడర్ తల ఎత్తున వచ్చింది. దాన్ని చేతులతో తోసేశాడు. రెడ్ కార్డు, పెనాల్టీ. అసమోవా గ్యాన్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కి తగిలి ఆకాశంలోకి పోయింది. పెనాల్టీ షూటౌట్‌లో ఉరుగ్వే 4-2తో గెలిచింది. సెమీఫైనల్ చేరిన మొదటి ఆఫ్రికా జట్టు అయ్యే అవకాశం ఘనాకి పోయింది. ఆ గౌరవం మొరాకోకి దక్కడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది. సువారెజ్ లేకుండా సెమీఫైనల్ ఆడిన ఉరుగ్వే నెదర్లాండ్స్ చేతిలో 2-3తో ఓడింది.

ఇందులో దొంగతనం ఎక్కడుంది? దొంగతనం అంటే ఎవరూ చూడకుండా చెయ్యాలి. ఇది ప్రపంచం మొత్తం చూస్తుండగా, రిఫరీ కళ్ల ముందు, తప్పించుకునే ఆశ లేకుండా జరిగింది. జరిగిన తర్వాత ఆయన ‘నేను కాదు’ అని వాదించి గెలిచిందీ లేదు. మైదానం వదిలి పోయాడు. సొరంగం దగ్గర నిలబడి గ్యాన్ తన్నడం చూశాడు. బంతి బార్‌కి తగలగానే ఎగిరి గంతేశాడు. జనానికి మంట పుట్టించింది నిజానికి ఆ గంతే అని నా అనుమానం. చెయ్యి పెట్టినందుకు కాదు, సిగ్గుపడనందుకు తిడుతున్నారు.

ఒక్క నిమిషం ఊహించండి. గ్యాన్ తన్నిన బంతి బెత్తెడు కిందికి వెళ్లి ఉంటే? ఘనా సెమీస్‌కి పోయేది. సువారెజ్‌ని ‘ఆఖరి నిమిషంలో రెడ్ కార్డు తెచ్చుకుని జట్టుని ముంచినవాడు’ అని నవ్వుకునేవాళ్లు. ఆయన చేసిన పనిలో మాత్రం వెంట్రుకవాసి తేడా ఉండదు. అదే గీత, అవే చేతులు. పదకొండు మీటర్ల దూరంలో నిలబడ్డ ఇంకొకడి కాలు ఎలా తగిలిందన్నదాన్ని బట్టి ఇతను దొంగో, వెర్రిబాగులవాడో తేలుతుందన్నమాట. ఒక మనిషి జీవితానికి చివర్లో రాసే ఒక్క వాక్యాన్ని ఇంకొకడి కాలికి వదిలేద్దామా? 2022లో మళ్లీ ఘనాతో మ్యాచ్ పడినప్పుడు విలేకరులు క్షమాపణ గురించి అడిగారు. చెప్పనన్నాడు. చెయ్యి పెట్టింది నేనే, పెనాల్టీ పోగొట్టింది నేను కాదు కదా అన్నాడు. పొగరు మాటే. లెక్కకి మాత్రం కరెక్టు. (ఆ మ్యాచ్ ఉరుగ్వే 2-0తో గెలిచి కూడా ఇంటికి పోయింది. బెంచీ మీద కూర్చుని సువారెజ్ ఏడ్చాడు. ఘనావాళ్లు ఓడిపోయి కూడా కాస్త తృప్తిపడ్డారు.)

ఇప్పుడు బాకీ కట్టనివాళ్ల సంగతి చూద్దాం. 1986 జూన్ 22, మెక్సికోలోని ఆజ్టెకా స్టేడియం, ప్రపంచ కప్‌లో అర్జెంటీనా, ఇంగ్లండ్ మ్యాచ్. ఇంగ్లండ్ గోల్‌కీపర్ పీటర్ షిల్టన్ కంటే ముందు ఎడమ చేత్తో బంతిని గోల్‌లోకి పంపాడు అర్జెంటీనా ఆటగాడు మారడోనా. ట్యునీషియా రిఫరీ అలీ బిన్ నాసర్ చూడలేదు. విజిల్ లేదు, కార్డు లేదు. నాలుగు నిమిషాలకి ఫుట్‌బాల్‌లో జనం ఇప్పటికీ కథలుగా చెప్పుకునే ఆ రెండో గోల్ కొట్టాడు. 2-1. తర్వాత కప్పు కూడా వచ్చింది. ఇంగ్లండ్‌కి తిరిగి వచ్చింది సున్నా. ఆ రోజు వేసుకున్న చొక్కా 2022లో వేలంలో 71 లక్షల పౌండ్లకి పైగా పలికింది. అదే ఏడాది ఆ బంతిని కూడా వేలానికి పెట్టారు. పెట్టింది ఎవరనుకున్నారు? చెయ్యి చూడని ఆ రిఫరీయే. నేను జుట్టు కత్తిరించుకునే సెలూన్‌లో అద్దం పైన దేవుళ్ల పటాల పక్కన మారడోనా బొమ్మ ఉంది. సువారెజ్ బొమ్మ ఉన్న సెలూన్ రెండు రాష్ట్రాల్లోనూ నాకు కనపడలేదు.

ఫ్రాన్స్ ఆటగాడు థియరీ హెన్రీ సంగతీ అంతే. 2009 నవంబరు 18న ఐర్లాండ్ మీద బంతిని చేత్తో ఆపి తన జట్టువాడే అయిన గాలాస్‌కి అందించాడు. గోల్ ఇచ్చేశారు. ఫ్రాన్స్ ప్రపంచ కప్‌కి పోయింది. హెన్రీ ఒప్పుకున్నాడు, మ్యాచ్ మళ్లీ ఆడించడమే న్యాయమని కూడా అన్నాడు. ప్రపంచ ఫుట్‌బాల్‌ని నడిపే ఫిఫా ఒప్పుకోలేదు. కోర్టుకి పోకుండా ఐర్లాండ్ సంఘానికి 50 లక్షల యూరోలు అప్పు పేరుతో ఇచ్చి, తర్వాత ఆ అప్పు రద్దు చేసిందని 2015లో బయటపడింది. మైదానంలో తీరాల్సిన బాకీని ఆఫీసు గదిలో తీర్చారు. అంత మాత్రాన మారడోనా అంటే ఆ ఎడమ చెయ్యే, హెన్రీ అంటే ఆ రాత్రే అంటానా? అనను. నేనూ ఆ సెలూన్ కస్టమర్నే. కానీ కట్టనివాళ్లకి పూలదండ వేసి, కట్టినవాడికి ‘దొంగ’ అని పేరు పెట్టే మన తూకం ఏ సంతలో కొన్నదో తెలుసుకోవాలనిపిస్తుంది.

అవతలి వాదన కూడా చెప్పాలి కదా. ఖాయంగా పడే గోల్‌కి బదులు పెనాల్టీ మాత్రమే ఇవ్వడం సరైన ధర కాదంటారు. రగ్బీలో ఇలాంటప్పుడు పాయింట్లే ఇచ్చేస్తారు. ఒప్పుకుంటాను. అయితే ఆ రూల్ మార్చండి, రూల్ రాసినవాళ్లని తిట్టండి. షాపులో రాసిన రేటు ఇచ్చి సరుకు తీసుకున్నవాడిని తక్కువిచ్చావని కొట్టడం ఏమిటి? ఇంకొకటి, సువారెజ్ మంచివాడా అంటారు. మంచివాడని నేననలేదు. మూడుసార్లు మూడు మ్యాచ్‌లలో అవతలివాళ్లని కొరికాడు, 2014లో ఇటలీ ఆటగాడు కియెల్లినిని కొరికినందుకు నాలుగు నెలలు ఆటకే దూరం పెట్టారు. ఆయన్ని తిట్టాలనుకుంటే అది తీసుకోండి. మళ్లీ మళ్లీ చేసింది స్వభావం అవుతుంది. విచిత్రం ఏమిటంటే మా టీ కొట్టు దగ్గర కొరుకుడు జోకు, చెయ్యి పెట్టడం నేరం.

ఒక్క పనితోనే మనిషి పేరు పోవాలంటే ఆ పని ఎలాంటిదై ఉండాలో కావాలంటే చిలీ గోల్‌కీపర్ రొబెర్టో రోహాస్‌ని చూడండి. 1989 సెప్టెంబరు 3, బ్రెజిల్‌లోని మరకానా స్టేడియం, ప్రపంచ కప్ క్వాలిఫయింగ్ మ్యాచ్. బ్రెజిల్ ఒక గోల్ ముందుంది. గ్యాలరీలోంచి మండుతున్న ఫ్లేర్ ఒకటి వచ్చి పక్కన పడింది. రోహాస్ రక్తంతో కుప్పకూలాడు. చిలీ జట్టు మైదానం వదిలి పోయింది. తర్వాత ఫొటోలు చూస్తే ఫ్లేర్ ఆయన్ని తాకనేలేదు. గ్లవ్‌లో బ్లేడు దాచుకుని వచ్చి తనే కోసుకున్నాడు. ముందే అనుకున్నది, అబద్ధం మీద కట్టింది, పైగా నేరం జనం మీదికి తోసింది. జీవితకాల నిషేధం వేశారు, చిలీ 1994 ప్రపంచ కప్‌కి దూరమైంది. అలాంటి రోహాస్ నిషేధం కూడా 2001లో ఎత్తేశారు.

ఫుట్‌బాల్ ఇక్కడితో ఆపేద్దాం. నన్ను అసలు కెలుకుతున్నది వేరే కాగితం. గోలీ షాపులో రోజూ జెరాక్స్ అయ్యే పోలీసు వెరిఫికేషన్ ఫారం. ఈ జిల్లాల్లోంచి సూరత్‌కో, విశాఖకో, చెన్నైకో పనికి పోయే కుర్రాడు వాచ్‌మన్ ఉద్యోగానికైనా ఆ గడి నింపాలి: మీపై ఎప్పుడైనా కేసు నమోదైందా? ‘ఎప్పుడైనా’ అన్న మాటకి గడువు లేదు. పదహారేళ్లప్పుడు జాతరలో కొట్లాట కేసు అయినా అంతే, జరిమానా కట్టి ముగిసిపోయిన పేకాట కేసు అయినా అంతే.

చట్టం మాత్రం అలా అనడం లేదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, మైనరుగా చేసిన నేరం కొన్ని తీవ్రమైన కేసుల్లో తప్ప తర్వాతి జీవితానికి అనర్హత కాకూడదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏమంది? చిన్న వయసులో నినాదాలు చెయ్యడం లాంటి స్వల్ప కేసుని ఉద్యోగి దాచినా, యజమాని దాన్ని పట్టించుకోకుండా వదిలేయొచ్చు అంది. ఇంకా తమాషా ప్రజాప్రతినిధుల సంగతి. రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడిన మామూలు కేసులో కూడా విడుదలైన ఆరేళ్లకి మళ్లీ పోటీ చెయ్యొచ్చని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతోంది. కేసు నడుస్తూ ఉంటే అసలు అడ్డే లేదు. అంటే అసెంబ్లీలో కూర్చోవాలంటే తప్పుకి ఎక్స్‌పైరీ డేట్ ఉంది. అసెంబ్లీ గేటు దగ్గర కాపలా కాయాలంటే లేదు. ఈ గడిలో ‘ఎప్పుడైనా’ తీసేసి ‘గత ఐదేళ్లలో’ అని రాయడానికి ఏ ప్రభుత్వానికీ పైసా ఖర్చు కాదు. భువనేశ్వర్‌లో అయినా, అమరావతిలో అయినా.

మొన్న గోలీ దగ్గరికి వెళ్లినప్పుడు కూడా అదే ఫారం మెషీన్‌లో తిరుగుతోంది. పాతపట్నం నుంచి వచ్చిన ఒక కుర్రాడు ‘రెండేసి కాపీలు తియ్యి గోలీ మావయ్యా’ అన్నాడు. ఆయన తీసి ఇచ్చాడు, చిల్లర లెక్కపెట్టుకున్నాడు. కుర్రాడు పోయాక ఆ ఘనా మ్యాచ్ చూశావా అని అడిగాను. చూశానన్నాడు. గ్యాన్ బంతి బార్‌కి తగిలినప్పుడు ఏమనిపించిందని అడిగాను.

ట్రేలో కాగితాలు సర్దుతూ నవ్వాడు. “ఆడికేటి బాబూ, పైన ఇనప బారుంది. మనది కొబ్బరి తాడు.”